పాత తలుపులోంచి వచ్చే మనిషి

సోమవారం ఉదయం నాకు తెలిసిన సంగతి ఏమిటంటే, మా రక్తనిధి సర్వర్‌లోకి రోజూ తొమ్మిదింటికి ఎవరో వస్తున్నారు, సాయంత్రం ఐదింటికి మర్యాదగా వెళ్ళిపోతున్నారు. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, రెండేళ్ళుగా. సర్వర్ భద్రత చూసేది నేను. నా కళ్ళముందే ఒక మనిషి ఇన్నాళ్ళు వచ్చిపోతుంటే నాకు తెలియకపోవడం కన్నా తలవంపులు ఏముంటాయి?

మా సిబ్బంది అంతా కొత్త సాఫ్ట్‌వేర్ పేజీలోంచే పని చేసుకుంటారు. అది కాక సర్వర్‌లోకి నేరుగా వెళ్ళే తలుపులు రెండున్నాయి. ఒకటి తాళం తలుపు. అందులో ఏ మాట వెళ్ళినా గట్టి సంకేతాల్లో చుట్టుకుని వెళుతుంది, దారిలో ఎవరికి చిక్కినా అర్థం కాదు. రెండోది పాత తలుపు. అందులో పాస్‌వర్డుతో సహా అంతా పోస్టుకార్డు మీద రాసిన ఉత్తరంలా బాహాటంగా ప్రయాణిస్తుంది. అందులోంచి ఎవరొచ్చినా ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. గురువారం తనిఖీ ఉంది. ఆలోగా ఆ పాత తలుపు మూసెయ్యాలి.

మూయడమెంత, ఒక్క ఆదేశం. టైపు చేసేశాను కూడా, చివరి మీట నొక్కడమే తరువాయి. కానీ నాకో రోగం ఉంది. ఎందుకో తెలియందే దేన్నీ వదల్లేను. పెళ్ళిచూపుల్లో నా ప్రశ్నలకి జవాబులు చెప్పడానికి పడ్డ కష్టం ఉద్యోగం తెచ్చుకోవడానికి కూడా పడలేదని మా ఆయన ఇప్పటికీ వెక్కిరిస్తుంటాడు. మీట నొక్కకుండా ఆ వచ్చేపోయే మనిషి రికార్డు తీసి చదవడం మొదలుపెట్టాను.

దొంగ అనుకుందామంటే ఒక్క లక్షణమూ లేదు. దేన్నీ ఎత్తుకుపోలేదు, దేన్నీ మార్చలేదు. ఫలానా గ్రూపు రక్తం ఎన్ని సంచులుంది, ఏ అరలో ఉంది, గడువు ఎప్పటిదాకా అని పాత అక్షరాల ప్రోగ్రాంని అడగడం, జవాబు చూసుకోవడం, అంతే. అదీ రోజుకి మూడువందలసార్లు. ఒక్క అక్షరం తప్పు కొట్టిన పాపాన పోలేదు. ఒకే ఒక్క వింత: లోపలికి రాగానే ప్రతిరోజూ మొదటి ఆదేశం ఒకటే, తెర వెడల్పు నలభై అక్షరాలు చెయ్యమని. పాతకాలం తెరలే ఎనభై అక్షరాలుండేవి. ఇప్పటివి రెండువందలు దాటుతాయి. ఇంత ఇరుకు సందులోంచి లోకాన్ని చూడాల్సిన ఖర్మ ఎవరికి పట్టింది?

రాకపోకలు మా భవనంలోంచే, కింది అంతస్తు ముందుహాల్లోంచి. అక్కడ ఎనిమిది కుర్చీలున్నాయి. మంగళవారం పొద్దున్నే వైర్లు చూస్తానన్న వంకతో దిగాను. ఏడు బల్లల కిందా దూరాను, ఏడు కంప్యూటర్లూ చూశాను. వాటిలో ఏమీ లేదు. ఎనిమిదోది ఫోనక్కది.

ఆసుపత్రుల నుంచి వచ్చే ఫోన్లన్నీ ఆవిడే తీస్తుంది. ఏ రక్తం ఉందో, ఎన్ని సంచులుందో చెబుతుంది. పుట్టుకనుంచీ చూపు లేదు. ఆవిడ తెల్లకర్ర చప్పుడు వినగానే తొమ్మిదైందని వాచీలు సరిచేసుకునేవాళ్ళున్నారు మా దగ్గర. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆవిడ జవాబు చెప్పడానికి పట్టే సమయం అర నిమిషం నుంచి తొమ్మిది సెకన్లకి పడిపోయిందని మా డైరెక్టర్‌గారు వార్షిక నివేదికలో రంగుల గీత గీయించారు. ఆ గీతని సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు ప్రకటనలో వేసుకున్నారు. చూపులేని ఆవిడ ఏ తలుపులోంచి వస్తుందిలే అనుకుని నేను ఆ బల్ల వదిలేసి పైకి వచ్చేశాను. నా బుర్రకి అంతకన్నా తట్టలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి ఆ నలభై గురించి మా అత్తగారి దగ్గర సణిగాను. ఆవిడ దర్జీ. ముందుగదిలో బల్ల వేసుకుని ఎవరిదో చొక్కా కత్తిరిస్తోంది.

"నలభై ఏంటమ్మా, అంగుళాలా?"

"అక్షరాలు అత్తయ్యా."

"అక్షరాల సంగతి నాకు తెలీదు. కానీ ఇదిగో, ఈ చొక్కా చూడు. కుడిచెయ్యికన్నా ఎడమచెయ్యి నాలుగు వేళ్ళు పొట్టి. కొలత తప్పు రాశానని నీ మొగుడు ఇందాక నవ్విపోయాడు. నాకు వింత కొలత వచ్చిందంటే ఎవరిదో ఒళ్ళు అలా ఉందని అర్థం. నువ్వు ఆ నలభైని పట్టుకుని వేలాడతావేం? ఆ కొలతకి సరిపోయే మనిషిని వెతుక్కో."

తర్వాత అన్నం తింటున్నంతసేపూ ఫోనక్క వేళ్ళే గుర్తొచ్చాయి. ఆ వేళ్ళు ఎప్పుడూ మీటల మీద కాకుండా, మీటల కింద ఎక్కడో ఉంటాయి.

బుధవారం తొమ్మిదీ ఐదుకి ఆవిడ బల్ల దగ్గరున్నాను.

"ఎవరు? వైర్ల అమ్మాయేనా?" అంది ఫోనక్క తల ఎత్తకుండానే. "నిన్న అందరి బల్లల కిందా దూరి, నా దగ్గరికి మాత్రం రాలేదేం? నాకు చాలా కోపం వచ్చింది."

మీటల పలకకి కింద ఇంకో సన్నటి పలక ఉంది. దానిమీద వరసగా గళ్ళు, ప్రతి గడిలోనూ లేచి పడే సన్నటి బ్రెయిలీ చుక్కలు. సర్వర్ చెప్పే ప్రతి అక్షరం అక్కడ చుక్కలై లేస్తోంది. ఆవిడ వేళ్ళు వాటిమీద జారుతున్నాయి.

"ఎన్ని గళ్ళక్కా ఇవి?"

"నలభై."

"అయితే పాత తలుపులోంచి వచ్చేది..."

"నేనే. కనుక్కోడానికి నీకు రెండేళ్ళు పడుతుందని మాత్రం అనుకోలేదు."

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కొత్త పేజీ ఆవిడ వేళ్ళకి ఎలా కనిపిస్తుందో చూపించమన్నాను. తెరిచి, చుక్కలు తడుముతూ పైకి చదివింది: "బొమ్మ. బొమ్మ. బటన్. బొమ్మ. పేరులేని బటన్. బొమ్మ." రక్తం గురించి ఒక్క ముక్క లేదు. అందుకని మొదటిరోజే పాత ప్రోగ్రాంకి వెళ్ళిపోయిందట. దానికి కొత్తగా తనే కొన్ని పొట్టి ఆదేశాలు రాసుకుందట. డైరెక్టర్‌గారి తొమ్మిది సెకన్లు అవీ.

"అక్కా, ఆ తలుపు రేపటికల్లా మూసెయ్యాలి," అన్నాను.

చుక్కల మీద వేళ్ళు ఆగిపోయాయి.

"ఇంతకు ముందు ఆఫీసులోనూ ఇలాగే కంప్యూటర్లు మార్చారు," అంది. "నాకు పనికిరావన్నాను. వేరే పనిలో సర్దుతామన్నారు. కిటికీ పక్కన కుర్చీ వేశారు. కిటికీ పక్కన, నాకు! మూడేళ్ళు. పొద్దున సంతకం, సాయంత్రం సంతకం. మధ్యలో ఏమీ లేదు. జీతం ఆపలేదు, పాపం మంచివాళ్ళే. బతికున్న మనిషిని బీరువాలో పెట్టినట్టు పెట్టారు. మళ్ళీ అలా కూర్చోవడం నావల్ల కాదమ్మా."

"తాళం తలుపులోంచి మీకు దారి ఇస్తాను, ఎవరికీ చెప్పక్కర్లేదు," అన్నాను. "కాకపోతే కంపెనీ వాళ్ళతోనే గొడవ. వాళ్ళ జాబితాలో లేని ప్రోగ్రాం ఏది వాడినా సాఫ్ట్‌వేర్‌కి తమ పూచీ లేదంటారు."

"జాబితాలోనే ఉంది, పదహారో పేజీ చూడు. మరమ్మతులకి వాళ్ళు వచ్చేదే ఆ తాళం తలుపులోంచి. అందులోంచి రావడానికి ఇటువైపు, నా కంప్యూటర్లో కావాల్సిన ప్రోగ్రాం ఎప్పటినుంచో ఉంది. ఓపెన్ సోర్స్ కదా, దాని కోడ్ ఎవరైనా చదవచ్చన్నారు, నేనూ చదివాను. చుక్కల పలకకి పంపేచోట ఒక తప్పు తగిలింది. దిద్ది పంపితే తీసుకున్నారు. ఇప్పుడు ఎన్ని దేశాల్లో ఎవరెవరి వేళ్ళ కిందో నా ఐదు వరసలు నడుస్తున్నాయి." ఆవిడ మొహంలో గర్వం దాగలేదు. "మన సర్వర్ జాబితాలో మాత్రం నా పేరు ఎక్కించే దిక్కు లేదు. ఇంకో మాట. చాటుగా ఇస్తే నాకొద్దు. రెండేళ్ళుగా దొంగలా వచ్చిపోతున్నది చాలు. ఇస్తే కాగితం మీద ఇవ్వు."

"మరి అడగలేకపోయారా అక్కా?"

"అడిగాను. పదకొండుసార్లు."

"ఎవర్ని?"

"మిమ్మల్నే."

పైకి వెళ్ళి మా విభాగం మెయిల్ పెట్టెలో వెతికాను. పదకొండు ఉత్తరాలూ ఉన్నాయి. ప్రతిదానికీ నాలుగు సెకన్లలో ఒకే జవాబు, యంత్రం దానంతటదే పంపింది: మీ సమస్యను కొత్త సాఫ్ట్‌వేర్ పేజీలో నమోదు చేయండి, ఈ ఉత్తరం పరిష్కరించినట్టు భావించబడింది. పేజీ చదవలేకపోతున్నానన్న మనిషిని ఆ పేజీకే వెళ్ళి చెప్పుకోమంటున్నాం. ఆ వాక్యం రాసింది నేను. ఉత్తరాల రద్దీ తగ్గించినందుకు ఆ ఏడాది నన్ను మెచ్చుకున్నారు కూడా.

అంతటితో అయిపోలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకున్నప్పటి ఫారం బయటికి లాగాను. "సిబ్బంది అందరూ దీన్ని వాడగలరా?" అన్న ప్రశ్న ఎదురుగా 'అవును' మీద టిక్కు, కింద నా సంతకం. వాడి చూసింది నేనూ, మా విభాగంలో ఇంకో ఇద్దరూ. ఆరు కళ్ళూ నిక్షేపంగా ఉన్నవే. ఆ కాగితం మడిచి నా సంచీలో పెట్టుకున్నాను.

డైరెక్టర్‌గారికి ఉత్తరాల సంగతి చెప్పాను.

"రేపు తనిఖీ పెట్టుకుని ఇప్పుడా ఇవన్నీ? పాత అలవాటుకొద్దీ ఒకరు వాడుతున్నారని రాసేద్దాం. ఆవిణ్ణి వేరే పనిలో సర్దుదాం."

"ఏ పనిలో సార్?"

"ఏదో ఒకటి. ముందు కూర్చోమందాం, తర్వాత చూద్దాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మామూలుగా అయితే ఆ గదిలో పైకప్పు ఎగిరిపోవాలి. కానీ నిజం రాస్తే ఆ ఫారం మీద సంతకం నాదని బయటపడుతుంది. తల ఊపి బయటికి వచ్చేశాను. ఆ పూట నామీద నాకే అసహ్యం వేసింది.

గురువారం పది గంటలకి తనిఖీ అధికారి వచ్చింది. పొట్టిగా, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, ఎవరి మాటా పూర్తిగా నమ్మని మొహంతో ఉందావిడ. తనిఖీ ఫారంలో 'పాత తలుపు వాడుకకు కారణం' దగ్గర డైరెక్టర్‌గారు రాయించిన 'పాత అలవాటు' చదివింది. ఆ అలవాటు ఎవరిదో చూస్తానంది. ముగ్గురం కిందికి దిగాం. ఆవిడ ఫోనక్క పక్కనే కుర్చీ వేసుకుని అరగంట ప్రశ్నలడిగింది. ఫోనక్క ఏదీ దాచలేదు.

"అయితే ఈ తలుపుతో అవసరం మీ ఒక్కరికేనన్నమాట," అంది అధికారి చివరికి.

ఇంతలో లోపలి ఫోను మోగింది. ఫోనక్క తీసింది.

"చెప్పు బాబాయ్. సంచి మీది చివరి నాలుగంకెలు చదువు... ఊఁ... అది వద్దు. గడువు నిన్నటితో దాటిపోయింది, పక్కన పెట్టెయ్. దాని వెనకది చెప్పు... ఆఁ, అది పంపు."

"ఎవరు?" అంది అధికారి.

"చల్లగది బాబాయ్ మేడం. రక్తం సంచులు బయటికి పంపేది ఆయనే."

"ఆయన ముందు తెర లేదా?"

"ఉంది. కొత్త పేజీలో గడువు దాటినవి ఎర్రగానూ, పనికొచ్చేవి పచ్చగానూ చూపిస్తారట. ఆయనకి పుట్టుకనుంచీ ఎరుపూ పచ్చా ఒకటే. నా పాత ప్రోగ్రాంకి రంగులు తెలీవు, 'దాటింది', 'ఉంది' అని మాటల్లో చెబుతుంది. అందుకని ప్రతి సంచికీ నన్ను అడుగుతాడు."

"ఎప్పట్నుంచి?"

"కొత్తది వచ్చిన మర్నాటినుంచి. ఆయనా ఉత్తరాలు రాశాడు." ఫోనక్క మొహం నేనున్న వైపు తిరిగింది. "నాలుగనుకుంటా."

డైరెక్టర్‌గారు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. సోమవారం నేను ఆ ఒక్క మీట నొక్కి ఉంటే, మంగళవారం ఎవరి నరంలోకి ఏ సంచి ఎక్కి ఉండేదో!

"పాత తలుపు మూసెయ్యాల్సిందే," అంది అధికారి. "కానీ ముందు ఈవిడ పేరు తాళం తలుపు జాబితాలో ఎక్కాలి, అదీ నేనిక్కడ ఉండగానే. ఈ కుర్చీలోంచి ఈవిణ్ణి కదపడానికి వీల్లేదు. ఆ రంగుల పక్కన మాటలు వచ్చేదాకా చల్లగదికి ఈ ఫోనే దిక్కు. ఇంతకీ 'పాత అలవాటు' అని రాసిందెవరు?"

డైరెక్టర్‌గారు ఆ ఫారాన్ని మళ్ళీ మొదటినుంచీ చదవసాగారు. నేను ఆయన్ని అలా ఉండనిచ్చి, ఫోనక్క పేరు జాబితాలో ఎక్కించాను. రెండేళ్ళు అడిగిన పనికి ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత నా సంచీలోంచి పాత ఫారం తీసి బల్లమీద పెట్టాను. నిన్నటినుంచీ దాన్ని వెంటే మోస్తున్నాను, తియ్యడానికి ధైర్యం చాలలేదు.

'అవును' మీదున్న టిక్కుని అడ్డంగా కొట్టేశాను. 'కాదు' అని రాశాను. ఫోనక్కకి తెలియాలి కదా, రాస్తున్నదంతా పైకి చదివాను: సిబ్బంది అందరూ వాడలేరు, పరీక్షించకుండా సంతకం చేసింది నేను.

ఆవిడ విని తల ఊపింది.

"తేదీ వెయ్యి," అంది.

"వేస్తున్నానక్కా. ఇవాళ పదిహేడు..."

"ఇవాళ్టిది దిద్దినందుకు వేసుకో. పక్కన, తెలిసిన తేదీ అని ఇంకోటి వెయ్యి. నేను మొదటి ఉత్తరం రాసిన రోజుది."

ఆ తేదీ ఆవిడకి నోటికి వచ్చు. ఆవిడ చెబుతుంటే నేను రాశాను.