చచ్చిన చేప బొమ్మ

జాన్‌బీ నీలం డ్రమ్ములోకి నడుము దాకా వంగి అడుగు రుద్దుతోంది. లోపలి వాసనకు కళ్లు మండుతున్నాయి. ఆత్మకూరు శివార్లలో, ఉదయగిరి రోడ్డు పక్కనున్న ఆ షెడ్డులో ఆమెకిది పంతొమ్మిదో ఏడు. ఫ్యాక్టరీల్లో పురుగుమందు ఖాళీ అయిన డ్రమ్ములు లారీల్లో వస్తాయి. ఆమె లేబుళ్లు గీకి, బట్టల సోడాతో కడిగి ఆరబెడుతుంది. యజమాని కేశవ వాటిని నీళ్ల డ్రమ్ములుగా మెట్ట ఊళ్లకు అమ్ముతాడు. ఆమె వేళ్ల చివర్లు ఉల్లిపొరలా పలచబడిపోయాయి. రేషన్ మిషన్ ఆమె వేలిముద్రను గుర్తుపట్టడం మానేసి మూడేళ్లయింది.

పదింటికి కాలుష్యం ఆఫీసు జీపు వచ్చింది. షెడ్డులో కడిగిన నీళ్లు కాలవలో కలుస్తున్నాయని దాని కింది రైతులు అర్జీ పెట్టారు. ఆ మందు వల్ల నేలకూ నీళ్లకూ ఎంత ముప్పో తేల్చాలి. నవ్యశ్రీ అనే కుర్ర ఆఫీసరు మట్టి తవ్వించి సంచులు నింపింది, కాలవ నీళ్లు సీసాల్లో పట్టింది.

“ఈ మట్టి ఏం చేస్తారు బిడ్డా?” అని అడిగింది జాన్‌బీ.

“వానపాముల్ని వదిలి పద్నాలుగు రోజులు చూస్తామమ్మా, ఎన్ని బతుకుతాయో. నీళ్లలో చేపల్ని వదులుతాం.”

జాన్‌బీ అప్పుడే గీకిన లేబులు ఎత్తి చూపించింది. దాని మీద వెల్లకిలా పడ్డ చేప, ఎండిన చెట్టు. “చేప ఉండాది, చెట్టు ఉండాది. మనిషి యాడ? పంతొమ్మిదేళ్ల నుంచి నేను దీంట్లోనే మునిగుండాను. నేనెన్ని రోజులు బతుకుతానో ఎవురు చూస్తారు?”

నవ్యశ్రీ ఆ చేతుల్ని చూసి తల దించుకుని ఫారం తిరగేసింది. “పనివాళ్లు ఎంతమంది?”

“పనోళ్లెవురూ లేరు మేడమ్,” నవ్వాడు కేశవ. “ఈమె మా ఇంటి మనిషి మాదిరి. ఊరికే వచ్చి పోతా ఉంటాది.”

నవ్యశ్రీ మళ్లీ ఆ చేతుల వైపు చూసింది. తర్వాత రాసుకుంది.

జీపు వెళ్లిన కాసేపటికి మర్రిపాడు నుంచి చెంచురామయ్య డ్రమ్ములు కొనడానికి ఆటోలో వచ్చాడు. “బోరెండిపోయింది. ట్యాంకరు నీళ్లు పట్టుకోవాల, తాగేదానికి. రెండియ్యి.”

జాన్‌బీ గునపం తీసుకుంది. కడిగిన డ్రమ్ము అడుగున ఒక్క పోటు. పక్కదానికి ఇంకొకటి. కేశవ పరుగెత్తుకొచ్చేలోపు అక్కడున్న ఆరు డ్రమ్ములకీ చిల్లులు పడ్డాయి.

“తాగబాకన్నా! చేపలు చస్తాయంట దీనికి. నువ్వు చావవా?”

చెంచురామయ్య తీసిన డబ్బులు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ ఆటో వెనక్కి తిప్పించాడు.

“రేపట్నించి రాబాక!” కేశవ అరిచాడు.

“నేను లేనే లేనని చెప్తివి గదరా,” రొప్పుతూ అంది జాన్‌బీ. “లేని మనిషిని రాబాకంటావేంది? థూ!”

గునపం పారేసి రోడ్డెక్కింది. వెనక్కి చూడలేదు.

రెండు నెలలకు ఆమె దగ్గు ముదిరింది. ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. ఆ తర్వాత వారానికి రిపోర్టు వచ్చింది. వానపాములకు తీవ్ర ముప్పు. చేపలకు తీవ్ర ముప్పు. స్థలంలో పనివాళ్లు: లేరు.

షెడ్డుకు సీలు వేశారు. లోపల, గోడ మేకుకు, ఆమె బ్రష్షు పట్టుకోవడానికి అరచేతికి చుట్టుకునే పాతచీర పేలిక వేలాడుతోంది. మందు పీల్చి కొయ్యబారి, ఇంకా పిడికిలి ఆకారంలోనే ఉంది.