దొరగారికి బయట పనుంది

“అమ్మ ఉందిగా, చూసుకుంటుందిలే.”

మా ఆయన ఆ మాట అనగానే నా చేతిలో చిక్కుడుకాయ ఈనె సగంలో తెగిపోయింది. ఆదివారం పొద్దున. బల్లకి అటువైపు ఆయనా మా అమ్మాయీ తలలు దగ్గరపెట్టి ఫోనులో కుక్కపిల్లల ఫోటోలు చూస్తున్నారు. ఇటువైపు నేనూ కిలో చిక్కుడుకాయలూ. అమ్మాయికి కొత్తగా ఉద్యోగం వచ్చింది, తొలి జీతంతో కుక్కని తెస్తానంటోంది. చదువుకున్న పిల్ల కదా, పద్ధతిగా జాబితా రాసింది: తిండి, టీకాలు, పేలకి మందు, గోళ్ళు కత్తిరించడం, ఏడాదికోసారి డాక్టరు. చదివి వినిపించింది కూడా. పొద్దున్నే లేచి దాన్ని బయటికి తీసుకెళ్ళేదెవరు, సోఫా కింద కక్కుకుంటే తుడిచేదెవరు, అందరూ ఊరెళ్తే ఇంట్లో ఆగిపోయేదెవరు అన్నది మాత్రం అందులో లేదు. అదే అడిగాను. దానికి మా ఆయన తలెత్తకుండా ఇచ్చిన జవాబది. పన్నెండేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర సరిగ్గా ఇదే మాట అన్నారు.

అప్పుడు వచ్చినవాడు దొర, అప్పటికే ఎదిగిన కుక్క. నల్లగా, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలిపోయి ఉండేవాడు. వచ్చిన రోజే మా ఆయన కుర్చీ ఎక్కి పడుకుని, ఎవరు దిగమన్నా దిగలేదు. అందుకని ఆ పేరు. అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. రంగు పెన్సిళ్ళతో పట్టిక గీసి ఫ్రిజ్ మీద అంటించింది. పొద్దున నడక నాన్న, సాయంత్రం నడక తను, తిండి మాత్రం అమ్మ. “నన్నందులో వెయ్యకండి” అని అత్తగారు ముందే చెప్పేశారు. ఆ పట్టిక మూడు వారాలు బతికింది. తర్వాత ఆయనకి నడుం పట్టేసింది, అమ్మాయికి పరీక్షలొచ్చాయి. నాకు ఏ రోగమూ రాలేదు, అదే నేను చేసిన నేరం.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఎనిమిదింటికల్లా జనం ఖాళీ కడుపులతో వచ్చి వరసలో నిలబడి ఉంటారు. ఆలోపే టిఫిన్లు, డబ్బాలు, అత్తగారి కాఫీ, ఆపైన దొర. ఒకసారి నా తెల్లకోటు మీద వాడి వెంట్రుకలు చూసి మేనేజరు నలుగురిలో అన్నాడు, “మేడం, ఇది మనుషుల ల్యాబండీ!” అని. అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఇంటికొచ్చి దొరని చెడామడా తిట్టాను. వాడు బుద్ధిగా కూర్చుని విన్నాడు. ఈ ఇంట్లో నేను చెప్పేది చివరిదాకా విన్నది వాడొక్కడే.

అయినా సరే, ఆ తొమ్మిదేళ్ళు తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. దొర రాకముందు నాకు ఊరికే బయటికెళ్ళే వీలే లేదు. ఎవరూ కట్టేయలేదు లెండి. “ఎక్కడికి?” అంటారు, అంతే. ఆ ప్రశ్నకి కూరగాయలనో మందులనో చెప్పాలి. కాస్త గాలి పీల్చుకోవడానికి అంటే, “ఇంట్లో గాలి లేదా?” అనేవారు అత్తగారు. దొర వచ్చాక జవాబు దొరికింది. “దొరగారికి బయట పనుంది” అనేదాన్ని. ఒక్కరూ నోరెత్తేవారు కారు. గొలుసు తగిలించుకుని సందు చివర రొట్టెల దుకాణం దాకా, అక్కణ్ణుంచి రైలు పట్టాల మీది వంతెన దాకా నడిచేవాళ్ళం. రైలు వచ్చి వెళ్ళిపోయేదాకా పైన నిలబడేవాళ్ళం. ఆ చప్పుడుకి వాడి వాలిన చెవి కూడా లేచేది. ఆ చప్పుడులోనే నేను గొంతెత్తి పాడేదాన్ని. పెళ్ళికి ముందు బాగానే పాడేదాన్ని మరి.

ఇంట్లో మాట పెరిగితే చాలు, గుమ్మం దగ్గర మేకుకి తగిలించిన గొలుసు అందుకునేదాన్ని. “కూరలో ఉప్పెక్కువైంది” దగ్గర మొదలై “మీ పుట్టింటి పెంపకం” దాకా వెళ్ళేలోపే మేమిద్దరం వీధిలో ఉండేవాళ్ళం. ఇక్కడే పొరపాటు జరిగింది. దొర అది నేర్చేసుకున్నాడు. మా ఆయన గొంతు కాస్త లేస్తే చాలు, ఏ మూలనున్నా లేచొచ్చి తలుపు గోకేవాడు. రోజుకి ఆరేడుసార్లు. “వీడికి మూత్రంలో ఏదో తేడా ఉంది” అని ఆయన తేల్చేశారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ చేశారు. రిపోర్టు నాకొకరు చదివి చెప్పాలా, రోజూ నేను చేసే పనే కదా! వాడు గుండ్రాయిలా ఉన్నాడు.

“ఏ టైములో ఎక్కువగా అడుగుతాడండీ?” అంది డాక్టరమ్మ.

“టైమంటూ లేదండీ. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే చాలు,” అన్నారు మా ఆయన.

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను దొర గోళ్ళవైపు చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ బలానికని ఏదో మందు రాసి, “నడక మాత్రం మానకండి,” అంది. ఆయనతో కాదు, నాతో. దారంతా మా ఆయన “రోగం లేకపోయినా ఇంత ఖర్చా!” అని కేకలేస్తూనే ఉన్నారు. వెనక సీట్లో దొర కారు తలుపు గోకడం మొదలెట్టాడు.

మూడేళ్ళ కిందట ముసలితనంతో పోయాడు. చివరి వారం లేవలేకపోయాడు. ఒకరోజు మా ఆయన వంటింట్లో నామీద అరుస్తున్నారు, దేనికో ఇప్పుడు గుర్తు కూడా లేదు. దొర ముందుకాళ్ళ మీద దేక్కుంటూ హాల్లోంచి వచ్చాడు. తలుపు దాకా పోలేక నా పాదం మీద తల పెట్టాడు. “పాపం, వీడికి అర్జెంటేమో చూడు,” అన్నారు ఆయన. నేను భోరుమన్నాను. కుక్క కోసం ఏడుస్తున్నాననుకున్నారు. నిజమే, వాడి కోసమే. సగం నా కోసం.

వాడు పోయాక నేను వంతెన వైపు వెళ్ళలేదు. ఆ తర్వాతి ఏడాది అత్తగారూ పోయారు. “ఎక్కడికి?” అని అడిగే పని మా ఆయనకి వచ్చింది. గొలుసు ఇంకా మేకుకే ఉంది.

“అమ్మా, వింటున్నావా? నువ్వు ఊఁ అంటే వచ్చే ఆదివారమే తెచ్చేద్దాం,” అంటోంది అమ్మాయి.

ఊఁ నాలుక చివరిదాకా వచ్చింది. కుక్కపిల్ల మీద ముచ్చటతో కాదు. బయటికెళ్ళడానికి మళ్ళీ ఒక జవాబు దొరుకుతుందని. ఆ సంగతి తట్టగానే నామీద నాకే ఒళ్ళు మండింది. యాభై దగ్గరపడుతున్నాను, నా కాళ్ళకి ఇంకా ఒక మూగజీవి పూచీ ఉండాలా?

“నేను చూసుకోను,” అన్నాను. “తెచ్చుకుంటే మీరిద్దరే చూసుకోండి. చూసుకోలేమనుకుంటే తేకండి, దాని ఉసురు మనకెందుకు?”

“అదేంటమ్మా! దొరని ఎంత బాగా చూసుకున్నావు!”

“అందుకే చెప్తున్నా.”

మా ఆయన ఫోను పక్కన పెట్టారు. “తొమ్మిదేళ్ళు చేసినదానివి, ఇప్పుడు కొత్తగా బరువైపోయిందా? మేమిద్దరం ఇంత సరదా పడుతుంటే నీ ఒక్కదానికే...” గొంతు లేచింది. నాకు తెలియకుండానే చెవులు తలుపువైపు తిరిగాయి. గోకుడు వినపడలేదు.

లేచి చేతులు తుడుచుకున్నాను. గుమ్మం దగ్గర గొలుసు మీద చెయ్యి వేశాను. కాసేపు అలాగే ఉంచాను. తర్వాత దాన్ని మేకుకే వదిలేసి చెప్పులు వేసుకున్నాను.

“కాయలు అలా వదిలేసి ఎక్కడికి?” అన్నారు మా ఆయన.

“నాకు బయట పనుంది,” అన్నాను.