నల్ల మూలల ఫొటో

మీరు ముగ్గురూ ఫొటో చూసి సంతకాలు పెట్టారు. గది చూడలేదు. కాంట్రాక్టరు హరిబాబూ, హెడ్మాస్టరు గణపతిరావు గారూ, ఆఫీసులో కూర్చుని ఫోన్లోనే తనిఖీ ముగించిన ఇంజనీరు గారూ, మూడో తరగతి గదికి ఏమవుతోందో మీకు తెలుసు. తెలిసి కూడా తలుపు తెరిచి ఉంచారు. మీ సంతకాలకి ఆధారమైన ఫొటో తీసింది నేను. కాబట్టి నా పేరూ రాసుకోండి. శాలోమి, ఫొటో స్టూడియో, చోడవరం.

జనవరి ఆఖర్లో హరిబాబు స్టూడియోకి వచ్చాడు. వడ్డాది రోడ్డు బడిలో మూడో తరగతి గదికి మరమ్మతు అయిపోయిందనీ, గది మొత్తం ఒక్క ఫొటోలో రావాలనీ, ఫోన్లో పట్టడం లేదనీ చెప్పాడు. చిన్న గది. వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డం.

దగ్గర్నుంచే గది వెడల్పంతా పట్టే వైడు లెన్సు నా దగ్గర ఉంది. చిన్న సెన్సరున్న పాత కెమెరా కోసం కొన్నది. క్రిస్మస్ ముందు విశాఖలో సెకండ్‌హ్యాండులో ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొన్నాను గానీ దాని పెద్ద సెన్సరుకి తగ్గ లెన్సు కొనలేకపోయాను. పాతదే తగిలించాను. తగులుతుంది. కాకపోతే చిన్న గిన్నె మూత పెద్ద గిన్నె మీద పెట్టినట్టుంటుంది. వెలుతురు మధ్యలో గుండ్రంగా పడి నాలుగు మూలలూ నల్లగా మిగిలిపోతాయి. ఆ నలుపు కనపడకుండా కెమెరాయే అంచులన్నీ కోసేసి మధ్య ముక్క మాత్రం ఇస్తుంది. ఆ కోత వద్దనుకుంటే మెనూలో ఆపుకోవచ్చు. నాకెవరూ నేర్పలేదు, నొక్కి నొక్కి నేర్చుకున్నాను.

గది ఇంకాస్త పడుతుందని ఆ రోజు కోత ఆపేసి తీశాను. పడింది. పైన సీలింగు ఎక్కువగా వచ్చింది, పక్కన గుమ్మం కూడా వచ్చింది. హరిబాబు స్క్రీను మీదికి వంగాడు.

"ఏటిది శాలోమీ, గుండ్రంగా? పెదకర్మ ఫ్లెక్సీలాగుంది."

"మూలలు తరవాత సరిసేస్తాను."

"ఎందుకూ, మధ్యలో నన్ను నిలబెట్టి కింద అశ్రునివాళి అని రాసెయ్యి. సరిపోద్ది."

హెడ్మాస్టరు నవ్వలేదు. "కొత్తగా రంగేసిన గదికి నల్ల చుట్టేటమ్మా? పిల్లలు కూర్చునే గది. అపశకునం. అది తీసేసి మంచిది తియ్యి."

మా వైపు ఎవరైనా పోతే జంక్షన్లో ఫ్లెక్సీ కడతారు. మొహం గుండ్రంగా కత్తిరించి చుట్టూ నలుపు పెడతారు. హిందువులకైనా మా చర్చి వాళ్ళకైనా ఆ ఫ్లెక్సీలు చేసేది నేనే. అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంది. నా కూతురు కీర్తి కూర్చునేది ఆ గదిలోనే. ఇంకేమీ ఆలోచించలేదు. మెనూలోకి వెళ్ళి కోత మళ్ళీ పెట్టాను. నలుపు పోయింది. తెల్ల గోడలు, నీలం బెంచీలు, నీటుగా వచ్చింది. అదే పైకి వెళ్ళింది. దాని కిందే మీ సంతకాలు.

రెండు వారాలు పోయాక ఓ సాయంత్రం కీర్తి జడలు విప్పుతుంటే సున్నం పెళ్ళలు రాలాయి.

"ఏటే ఇది? తల గోడకి రాసేవా?"

"నేను రాయలేదు. సెరుకు ట్రాక్టరు ఎల్తే పైనించి పడతాది. టీచరు గారు బెంచీ జరపమన్నారు. జరిపితే ఇప్పుడు ఏబెల్ గాడి మీద పడతంది."

గుంట నవ్వుతూ చెప్పింది. జడ సగంలో వదిలేసి కెమెరా తీశాను.

గుండ్రం ఫొటో కార్డులో ఇంకా ఉంది. తీసెయ్యమన్నా తీసెయ్యకపోవడం నా బద్ధకమే గానీ మంచితనం కాదు. పెద్దది చేసి చూశాను. నలుపు మొదలయ్యే చోటుకి కాస్త ఇవతల, దూలం పక్కనుంచి సీలింగులోకి ఓ గీత పోతోంది. గుమ్మం దగ్గర ఆయా దేముడమ్మ చీపురుతో నిలబడి ఉంది. కెమెరా వైపు చూడటం లేదు, పైకి చూస్తోంది. నీటు ఫొటో పక్కన పెట్టి చూశాను. అందులో గీతా లేదు, దేముడమ్మా లేదు.

మర్నాడు బడి తెరవకముందే వెళ్ళాను. దేముడమ్మ ఫొటో చూసి తలూపింది.

"ఆ రోజే సెప్దామనుకున్నానమ్మా. ఫొటోలో పడతన్నావు, పక్కకి తప్పుకో అన్నారు మాస్టారు."

"ముందునించీ ఉందా పిన్నీ?"

"ఉంది. పుట్టీ కూరి రంగేసేరు, ఆరగానే గీత మళ్ళీ తేలింది. అదే మరమ్మతు. రా, సూపిస్తాను."

బెంచీ మీద స్టూలు వేసుకుని ఎక్కింది. చీపురులోంచి ఓ పుల్ల పీకి పగుల్లో పెట్టింది. "రంగేసిన వారానికి గోరంత దిగింది. ఇప్పుడు సూడు."

వేలు పొడవునా దిగింది. ఆమె చెయ్యి తీసేసినా పుల్ల అలాగే వేలాడుతూ ఉండిపోయింది. రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి పోయింది. గదిలో గాలి లేదు. పుల్ల వణికింది.

నేనూ స్టూలెక్కి పగులుని దగ్గర్నుంచి తీసి, ఆ ఫొటోలూ నల్ల మూలలదీ హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాను. పగులు దగ్గర్నుంచి తీసినవి చూసి, అది ఏ గదో ఎలా తెలుస్తుందన్నారు. గది మొత్తం కనపడే నల్ల మూలల ఫొటో చూసి, ఎడిటింగ్ అంటారన్నారు. మూలలు ఎందుకు నల్లబడ్డాయో నేను చెబితే, అదే ఇంజనీరు గారికి ఫోను చేసి చెప్పి స్పీకరులో పెట్టారు.

"వైడు లెన్సులో గీతలు వంకరపోతాయమ్మా. పైగా ఆ లెన్సు ఆ కెమెరాది కాదంట కదా."

"వంకరపోతాయి సార్. ఉన్న గీత వంగుతాది. లేని గీత పుట్టదు."

 "రిపోర్టు అప్‌లోడ్ అయిపోయింది. వేసవి సెలవుల్లో చూద్దాం" అని ఫోను పెట్టేశారు.

బయట హరిబాబు బండి మీద కూర్చుని ఉన్నాడు. "నీ గుంటని ఇంకో బడిలో ఎయ్యి శాలోమీ. నీ బాధ తీరిపోద్ది."

నిన్నటి నుంచి కీర్తిని పంపడం లేదు. మిగతా ముప్ఫై నలుగురూ వెళ్తున్నారు. చెరుకు నరకడం ఇంకా నెల పైనే ఉంది. ఈ ఉదయం దేముడమ్మ పుల్ల పట్టుకుని స్టూడియోకి వచ్చింది. ఎంత లోపలికి దిగిందో గోటితో గుర్తు పెట్టి తెచ్చింది. వేలు పక్కన పెట్టి చూశాం. వేలు చాలలేదు.

గణపతిరావు మాస్టారూ, ఇవాళ అన్నం బెల్లు కొట్టగానే పిల్లల్ని ఆ గదిలోంచి బయటికి తెండి. మా చర్చి హాలు ఖాళీగా ఉంది, పాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు. మూడో తరగతి గది తాళంచెవి మీ దగ్గర ఉంచుకోకండి, దేముడమ్మకి ఇవ్వండి. హరిబాబూ, సాయంత్రంలోగా దూలం కింద ఆసరాగా ఇనప జాకీలు పెట్టించు. ఇంజనీరు గారూ, ఫోను జేబులో పెట్టుకుని వచ్చి స్టూలెక్కండి, పుల్ల మా దేముడమ్మ ఇస్తుంది.

మూడో తరగతి గ్రూపు ఫొటో నా దగ్గర ఉంది. ముప్ఫై అయిదు మొహాలు. అందులో ఒక్కదాన్ని కూడా గుండ్రంగా కత్తిరించే పని నాకు పెట్టకండి. వేసవిలో కాదు, రేపు కాదు, ఇవాళ ఆ గదికి తాళం వెయ్యండి.