రెండు తాళాల తలుపు

ముప్పై అయిదేళ్ళుగా ఊరందరి తలుపులూ తెరిచిన మనిషి ఏదో ఒకరోజు తన ఇంటి తలుపు ముందు చతికిలబడతాడని ఎవరైనా చెప్పి ఉంటే, తాళాలాయన ముందు నవ్వేవాడు, ఆ తర్వాత చెప్పినవాణ్ణి దుకాణం మెట్లు దింపేవాడు. ఆయనకంత గీర. గీరకు తగ్గ పనితనమూ ఉంది, కాదనలేం. తాళం చెవి పోయిందని ఏడుస్తూ వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేలోపే తలుపు తెరిచి పెట్టేవాడు.

ఆ గీరే కొంప మీదికి తెచ్చింది.

నెల కిందట వాళ్ళ మేడలో రెండో అంతస్తు ఇంట్లో పట్టపగలు దొంగతనం జరిగింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, మేడవాళ్ళంతా మీటింగు పెట్టుకుని, టీలు తాగి, ఎవరి తలుపు వాళ్ళే చూసుకోవాలని తీర్మానించారు. తాళాలాయన మూడో అంతస్తులో కూతురితోనూ, అయిదేళ్ళ మనవరాలితోనూ ఉంటాడు. అల్లుడిది ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీదే. కూతురు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మనవరాలిని అందరూ గువ్వ అంటారు.

"ఎలక్ట్రానిక్ తాళం పెట్టిద్దాం నాన్నా," అంది కూతురు. "నంబరు కొడితే తెరుచుకుంటుంది. తలుపు మూస్తే దానంతటదే పడిపోతుంది, లోపలినుంచైతే పిడి తిప్పితే చాలు. తాళం వేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి పరిగెత్తే బాధ తప్పుతుంది నాకు."

"బ్యాటరీ అయిపోతే?"

"అయిపోయే ముందు కూస్తుంది."

"కూసేదాన్ని నమ్ముకుని నిద్రపొమ్మంటావా? తాళమంటే చెవి ఉండాలి, చేతికి బరువు తెలియాలి. అయినా తాళాలవాడి ఇంటికి కొన్న తాళమేంటి, నలుగురూ నవ్వరూ?"

"నలుగురి సంగతి నాకెందుకు? నేను డ్యూటీలో ఉంటే పిల్ల ఇంట్లో భద్రంగా ఉందా లేదా, నాకు కావాల్సింది అదొక్కటే."

నిజానికి ఇద్దరికీ కావలసింది అదొక్కటే. కానీ తండ్రికి తగ్గ కూతురు. ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్ళు. వారం తిరక్కుండా ఆమె తన తాళం బిగించుకుంది. నంబరు గువ్వ పుట్టినరోజు. అది తెలిసి తాళాలాయన తల కొట్టుకున్నాడు. "ఎవరైనా పుట్టినరోజు పెడతారా? దొంగవెధవ మొదట కొట్టి చూసేది అదే కదా," అని రెండు రోజులు ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు.

ఆ తర్వాత బేరాలు కూడా పక్కన పెట్టి తనే ఒక తాళం చేశాడు. లోపల ఆరు చిన్న ఇత్తడి పిన్నులు, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో. సరైన చెవి పెడితేనే అవన్నీ ఒక గీత మీదికి వచ్చి తాళం తిరుగుతుంది. కమ్మీలతో కెలికే దొంగను ఏమార్చడానికి ఆ పిన్నుల నడుము సన్నగా అరగదీశాడు. తలుపు అంచుకు ఉక్కు పట్టీ వేశాడు. కూతురి తాళానికి జానెడు కింద తన తాళాన్ని బిగించి, "దీన్ని నేనే తీయలేను," అన్నాడు భోజనాల దగ్గర, మీసం మీద చెయ్యేసుకుని. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆ తలుపులో మాత్రం రెండు తాళాలు ఇమిడాయి.

ఆయన తాళం వేసేది లోపలినుంచే, అదీ రాత్రి పడుకునే ముందు. లోపలివైపు దానికొక గుబ్బ ఉంది. తిప్పితే గడియ పడుతుంది, ఆ పని పసిపిల్ల కూడా చేయగలదు. తీయాలంటే మాత్రం గుబ్బను గట్టిగా నొక్కి పట్టి తిప్పాలి. గువ్వ ఆటల్లో తీసేయకుండా అలా అమర్చాడు. బయటినుంచి తీయడానికి చెవులు మూడు చేశాడు, మూడూ ఇంట్లోనే మేకుకు వేలాడుతుంటాయి. ఇంటి తాళం చెవి దుకాణానికి తేకూడదన్నది ఆయన పనిలో కట్టుబాటు. పదిమంది చేతులు పడే బల్ల మీద చెవి కనబడితే, సబ్బుముక్క మీద అచ్చు తీసుకోవడానికి రెప్పపాటు చాలు.

గువ్వకు కూడా ఒక పాఠం చెప్పాడు. అమ్మ పక్కన లేనప్పుడు ఎవరు తలుపు కొట్టినా గుబ్బ తిప్పెయ్యాలి. మళ్ళీ తాత తడితేనే తీయాలి. తాత తట్టే తీరు వేరు: రెండు దెబ్బలు, ఆగి ఒకటి, మళ్ళీ రెండు. గుబ్బ తిప్పి వేయడం ఆ పిల్లచేత పదిసార్లు చేయించాడు. తీయడం ఒక్కసారి కూడా చేయించలేదు.

ఆ రోజు కూతురికి సెలవు. పదకొండు గంటల వేళ దుకాణంలో ఆయన ఫోను మోగింది. నంబరు ఎదురింటి టైలరమ్మది, గొంతు కూతురిది.

"నాన్నా, గువ్వ లోపల ఉండిపోయింది. బట్టలారేద్దామని డాబా మీదికెళ్ళాను. ఈలోపు పార్సిలతనెవరో తలుపు కొట్టాడట, నీ తాళం వేసేసుకుంది. నా తాళం తెరుచుకుంటోంది, నీదే రావట్లేదు."

"గుబ్బ నొక్కి తిప్పమను."

"అసలు తీయనంటోంది. అమ్మ గొంతైనా సరే తీయొద్దన్నావట కదా. పొయ్యి మీద పాలు పెట్టి వెళ్ళాను నాన్నా. గ్యాసు వాసనొస్తోంది."

తాళాలాయన పై ప్రాణాలు పైనే పోయాయి. దొంగలు ఇంట్లోవాళ్ళ గొంతులు కూడా అనుకరిస్తున్నారని పేపర్లో చదివి, ఆ ముక్క ఆయనే పిల్లకు నూరిపోశాడు. ఇప్పుడు పాలు పొంగి మంట ఆరిపోయి ఉంటుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది.

"కాలింగ్ బెల్లు ముట్టుకోకండి. కింద కరెంటు మెయిన్ తీసెయ్యమని వాచ్‌మన్‌కి చెప్పు. వస్తున్నా."

పనిసంచీ భుజాన వేసుకుని, చెక్కని ఇత్తడి చెవులు గుప్పెడు జేబులో పోసుకుని, రెండు వీధులు పరిగెత్తాడు. దుకాణం బార్లా తెరిచి వదిలి వెళ్ళడం ఆయన జన్మలో అదే మొదటిసారి.

రెయిలింగు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాడు. కూతురు రెండు అరచేతులూ తలుపుకు ఆనించి నిలబడి ఉంది. ఆమె తాళం మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. తన పని తను చక్కగా చేసింది అది. ఫైరింజనుకు ఫోను చేశానని, ఇరవై నిమిషాలు పడుతుందన్నారని టైలరమ్మ చెప్పింది. తలుపు సందులోంచి వాసన ఘాటుగా వస్తోంది.

ఆయన తలుపు తట్టాడు. రెండు, ఆగి ఒకటి, మళ్ళీ రెండు.

"తాతా?"

"నేనేనమ్మా. గుబ్బ నొక్కి తిప్పు."

లోపల చిన్న చేతులు పెనుగులాడిన చప్పుడు. "రావట్లేదు తాతా."

"రెండు చేతులతో తిప్పమ్మా."

"నొక్కితే తిరగట్లేదు. తిప్పితే నొక్కుడు పడట్లేదు." పిల్ల దగ్గింది.

ఆ గుబ్బ స్ప్రింగును ఆయనే ఏరి ఏరి గట్టిది వేశాడు. తను తవ్విన గోతిలో తను పడ్డా బాగుండేది, అందులో పిల్ల పడింది.

"సరే, వదిలెయ్యి. హాల్లో కిటికీ తెరిచుందా?"

"కొంచెం."

"దాని పక్క కుర్చీ ఎక్కి నిలబడు. ఊచలు పట్టుకుని బయట గాలి పీల్చు. స్విచ్చులు ముట్టుకోకు. నేను పిలిచేదాకా కిందికి దిగకు, సరేనా?" గ్యాసు బరువు, నేల మీద పరుచుకుంటుందని ఆయనకు తెలుసు.

"పగలగొట్టెయ్యండి అన్నయ్యగారూ," అంది టైలరమ్మ.

"ఉక్కు పట్టీ వేశానమ్మా. ఇనుముకి ఇనుము తగిలితే రవ్వ లేస్తుంది. ఒక్క రవ్వ చాలు." సంచీలో డ్రిల్లు ఉంది. దానివైపు చూడను కూడా లేదు.

సన్న కమ్మీలు తీసి తాళంలో పెట్టాడు. మొదటి పిన్ను లేచింది, రెండోది లేచింది. మూడోది లేచినట్టే లేచి నడుము దగ్గర ఇరుక్కుంది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అక్కడే. ఎంత తెలివైన దొంగైనా ఇక్కడ ఆగిపోవాలని ఆయన అనుకున్న చోటే ఆయనా ఆగిపోయాడు. చెమట కళ్ళలోకి కారింది.

"గువ్వా," అని పిలిచింది కూతురు. జవాబు లేదు. "గువ్వా!"

"నేను కిటికీ దగ్గరున్నా." గొంతు సన్నగా వచ్చింది.

ఆయన కమ్మీలు పారేశాడు. జేబులోంచి చెక్కని చెవి ఒకటి తీసి పటకారుతో పట్టుకుని, మెట్టు మీద కూలబడి ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు. ఒక్కో పిన్ను ఎత్తుకు ఒక్కో అంకె ఉంటుంది, ఆ అంకెను బట్టి గాటు లోతు. కొలిచే పరికరం దుకాణంలో ఉంది. బొటనవేలి గోరే కొలత. పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. "రెండు. మూడు. సున్నా, దీన్ని తాకకూడదు. నాలుగు. రెండు. ఒకటి."

కూతురు తల తిప్పి చూసింది. "అది నా నంబరు."

"నాదీ అదే," అన్నాడు, ఆకురాయి మీదనుంచి చూపు తిప్పకుండా. పిన్నులు పేర్చేటప్పుడు ఆయనకూ వేరే అంకెలు తోచలేదు. ఆమెను అన్నన్ని మాటలన్న నోటితో ఆ సంగతి చెప్పుకోలేకపోయాడు.

చెవి లోపలికి దూరింది. తిరగలేదు.

ఏదో ఒక గాటు వెంట్రుకవాసి తక్కువైంది. ఏదో తెలియాలంటే చెవికి మసి పట్టించి తాళంలో పెట్టి తిప్పి చూడాలి. ఏ పిన్ను అడ్డం పడితే అక్కడ మసి చెరిగి మెరుస్తుంది. ముప్పై అయిదేళ్ళ అలవాటు. ఆయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది, అగ్గిపెట్టె తీసింది, పుల్ల కూడా తీసింది.

కూతురు ఆయన మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా. "నాన్నా."

ఆయన చేతిలోని పుల్లను చూసుకున్నాడు. అగ్గిపెట్టె మెట్ల కిందికి విసిరేశాడు.

"మసి కావాలి," అన్నాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు.

కూతురు ఒక్క క్షణం ఆలోచించి, వేలితో కళ్ళకింద కాటుక తుడిచి, ఏడుపుతో తడిసిన ఆ నలుపును చెవి పొడవునా పూసింది. ఆయన చెవి పెట్టి తిప్పి బయటికి తీశాడు. నాలుగో గాటు దగ్గర ఇత్తడి మెరిసింది. ఆకురాయి రెండే రెండుసార్లు ఆడించాడు. మూడోసారి ఆడించడానికి ధైర్యం చాలలేదు.

ఈసారి తిరిగింది.

కూతురు పిల్లను ఎత్తుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఊపిరి బిగబట్టి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసి, సిలిండరు కట్టేసి, కిటికీలన్నీ తెరిచాడు. బయటికి వచ్చేసరికి గువ్వ తల్లి భుజం మీదనుంచి ఆయన కోసమే చూస్తోంది. మొహం పాలిపోయింది గానీ కళ్ళలో మాత్రం గొప్ప.

"అమ్మ ఎంత ఏడ్చినా తీయలేదు తాతా. నువ్వు చెప్పినట్టే."

కూతురు ఏమైనా అంటే బాగుండునని ఎదురుచూశాడు. ఆమె పిల్ల వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఫైరింజనువాళ్ళు వచ్చి చూసి వెళ్ళాక, మధ్యాహ్నం ఆయన తన తాళం ఊడదీసి నేల మీద పరిచాడు. "తీసేస్తాను. నీదే ఉండనీ," అన్నాడు.

"రెండూ ఉండనీ. కానీ పిల్ల తీయగలగాలి," అంది కూతురు.

గట్టి స్ప్రింగు తీసి పారేశాడు. గుబ్బ ఇప్పుడు ఒక్క వేలికి తిరుగుతుంది. చెవుల్లో ఒకటి టైలరమ్మకు ఇచ్చాడు, ఒకటి కూతురు మెడలో వేసుకుంది. సాయంత్రం దాకా గువ్వచేత తీయించాడు, వేయించాడు, తీయించాడు. పిల్లకు ఆట, ఆయనకు మొక్కు చెల్లించుకున్నట్టు.

అప్పుడు కూతురికి పొద్దున ఆరేసిన బట్టలు గుర్తొచ్చి డాబా మీదికి వెళ్ళింది. ఆటలో భాగంగా గువ్వ గడియ వేసింది. కాసేపటికి బయటినుంచి పిలుపు.

"గువ్వా, అమ్మని. తలుపు తియ్యి."

పిల్ల గుబ్బ మీద చెయ్యి వేసింది. తిప్పలేదు. తాతవైపు తిరిగింది.

"అమ్మేనా తాతా?" అని గుసగుసగా అడిగింది.

ఆ మాట తలుపు అవతలికీ వినబడింది. తాళాలాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మే తల్లీ. అమ్మ గొంతు నీకు తెలుసుగా. అమ్మ పిలిస్తే నన్ను అడగక్కర్లేదు."

గువ్వ ఆయన మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది. అవతల ఉన్నామెకు నంబరు తెలుసు, మెడలో చెవి ఉంది. ఆ రెంటి జోలికీ ఆమె వెళ్ళలేదు. మెల్లగా తట్టింది. రెండు దెబ్బలు, ఆగి ఒకటి, మళ్ళీ రెండు.

గువ్వ మొహం విప్పారింది. గుబ్బ తిప్పి తలుపు తీసింది.