బియ్యం కడిగిన నీళ్లు

పుట్టింటికి నెక్కొండ పోతూ షాహీన్ తన చిన్న కాక్టస్ కుండీని పక్కింటి బక్కమ్మకు అప్పగించింది. నీళ్లు పోయొద్దని మరీ మరీ చెప్పింది. బక్కమ్మకు మనసొప్పలేదు. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసింది. షాహీన్ తిరిగొచ్చే రోజు కుండీ తుడవబోతే, వేలు తగలగానే మొక్క మెత్తగా నలిగి చీములాంటి జిగురు కారింది. చచ్చిన ఎలుక కంపు. లోపల పురుగులు లుకలుకలాడాయి.

గడపలోనే షాహీన్ ముక్కు మూసుకుంది. "ఛీ! ఏం పెట్టి సాకినవ్ అత్తా, బర్రె కుడితా?"

"గొంతెండుతదని పోసిన బిడ్డా."

షాహీన్ కుళ్లిందంతా కోసి పారేసి, గట్టిగా మిగిలిన కొసను కాగితంలో పెట్టిచ్చింది. "ఆరినంక ఇసుకల నాటు. నువ్వే సాకు."

మర్నాడు బియ్యం కడిగి బక్కమ్మ కొస వైపు చూసింది. సబ్బుతో ఎంత రుద్దినా వేళ్లకు ఇంకా ఆ కంపే. నీళ్లు మోరీలో పారబోసింది.