దీపాలకా, గాలికా

రంగు చేపల వ్యాపారంలో మేం అమ్మేది సగం చేపని, సగం వెలుతురుని. తొట్టిలో దీపం లేకపోతే బంగారు చేప కూడా బురద రంగులోనే కనిపిస్తుంది. దాని ముందు ఎవరూ నిలబడరు. అందుకే సంత మైదానంలో స్తంభం నుంచి వచ్చే కరెంటు పీకేసినప్పుడు నేను చేపలకంటే ముందు దీపాల సంగతి ఆలోచించాను.

మైదానం ఖాళీ చేయిస్తున్నారు. మర్నాటి నుంచి అక్కడ బండ్లు నిలపకూడదు. మా దుకాణమంటే ఒక పాత వ్యాను. వెనక తలుపులు తీస్తే అరల నిండా గాజు తొట్లు. నా భర్త అమర్చినవి. ఆయన పోయాక నేనూ అత్తా నడుపుకొస్తున్నాం. ఆ చివరి రోజుకి వ్యాను బ్యాటరీకే ఇన్వర్టర్ తగిలించి, దాని మీద దీపాలూ, తొట్లలోకి గాలి ఊదే మోటారూ నడిపించాను. రోజు గడిస్తే చాలు. పెద్ద హోటల్ యజమాని మాకు మెట్ల కింద గది ఇస్తానన్నాడు. గోడకి ప్లగ్గులున్న గది. బదులుగా ఆయన అడిగింది మా పెద్ద చేపని. అది ఆయన హోటల్ గుమ్మం పక్కన, అద్దాల తొట్టిలో తిరగాలి. సాయంత్రం వచ్చి చూసి ఖాయం చేస్తానన్నాడు.

ఆ చేప అన్నం పళ్ళెమంత ఉంటుంది. బొటనవేలంత ఉన్నప్పుడు నా భర్త తెచ్చి పెంచాడు. అత్త దాన్ని పెద్దాయన అంటుంది. అమ్మనంటే అమ్మనని భీష్మించుకుంది.

"అమ్మడం కాదత్తా. మనమూ అక్కడే కదా ఉండేది. మేత నీ చేత్తోనే వెయ్యి" అన్నాను.

"వాళ్ళ వంటవాడి కళ్ళు పడకుండా చూసుకో మరి" అని ఒప్పుకుంది.

మా పక్కన బకెట్లమ్మే ఆయన్ని నేను బాబాయ్ అంటాను. పొద్దుటినుంచీ ఆయన నోరు ఊరుకోలేదు.

"ఏమ్మా, బండిని నడపాల్సిన బ్యాటరీతో సంసారం నడుపుతున్నావు. చీకటిపడ్డాక అది నిన్ను ఇంటికి చేరుస్తుందా, నువ్వే దాన్ని మోసుకెళ్తావా?"

"నీ బకెట్లకి గాలక్కర్లేదు కాబట్టి నీకు మాటలొస్తున్నాయి బాబాయ్."

"బకెట్లకి అక్కర్లేదు" అంది అత్త. "వాడికే ఎక్కువైంది."

ఇంజను నడుస్తుంటే బ్యాటరీకి బలం చేరుతుంది. కానీ తొట్లు అదురుతాయి, పొగేమో కొనడానికి వచ్చేవాళ్ళ మొహాన కొడుతుంది. పొగలో నిలబడి బేరమాడే మనిషిని నేనింతవరకు చూడలేదు. అందుకని ఇంజను ఆపి ఉంచాను. పొద్దు వాలుతుండగా ఇన్వర్టర్ కీమని అరవడం మొదలుపెట్టింది. కాసేపు ఇంజను తిప్పుదామని తాళం తిప్పితే టక్కుమంది, అంతే. మళ్ళీ తిప్పితే ఆ టక్కు కూడా లేదు.

"తోద్దామా?" అన్నాడు బాబాయ్. తొట్ల వరసలు చూసి తనే తల అడ్డంగా ఊపాడు. "ఈ నీళ్ళతో కొండని తోసినట్టే. నీళ్ళు పారబోస్తే తప్ప కదలదు."

దీపాలూ మోటారూ కలిసి ఉంటే ఇన్వర్టర్ అరుస్తోంది. ఏదో ఒకటి తీసేస్తే ఊరుకుంటోంది. కొనేవాడు రావాల్సిన వేళ దీపాలు తీయలేను. మోటారు ప్లగ్గు పీకేసి అత్త చేతికి చెంబిచ్చాను. తొట్టిలో నీళ్ళు ముంచి, ఎత్తి, మళ్ళీ అందులోనే పోయాలి. ఆ ధారతో నీళ్ళలోకి గాలి దిగుతుంది. కరెంటు పోయినప్పుడల్లా మేం చేసేదే. చిన్న చేపలు ఓర్చుకుంటాయి, పెద్ద ఒంటికి ఊపిరి ఎక్కువ కావాలి. అందుకని అత్తని పెద్దాయన దగ్గర కూర్చోబెట్టాను. చెయ్యి మార్చి చెయ్యి పోస్తూనే ఉంది.

హోటలాయన వచ్చాడు. తొట్టి ముందు వంగాడు.

"నీళ్ళు అల్లకల్లోలంగా ఉన్నాయి. ఏమీ కనపడట్లేదమ్మా."

"ఆపత్తా" అన్నాను.

అత్త నా వంక చూసింది. నేను కళ్ళతోనే కాసేపన్నాను. చెంబు ఒళ్ళో పెట్టుకుంది.

నీళ్ళు తేరుకున్నాయి. మామూలప్పుడు పెద్దాయన రాయి వెనక తోక చూపిస్తూ పడుకుంటాడు, ఎంత పెద్దమనిషి వచ్చినా లెక్కచేయడు. ఇప్పుడు పైకి వచ్చాడు. నీటి అంచున మూతి పెట్టి తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. హోటలాయన వేలు చాపితే ఆ వేలి దగ్గరే మూతి ఆడింది.

"అరె, పలకరిస్తోందే" అని నవ్వాడాయన.

చేప అలా పైకి వచ్చిందంటే ఊపిరాడట్లేదని ఈ వ్యాపారంలో పసివాడికైనా తెలుసు. తెలియనివాళ్ళకి అది చనువులా కనిపిస్తుంది.

"మనిషికి మాలిమైన చేపండీ" అన్నాను.

"ఖాయం చేసేద్దాం. మా ఆవిడ కూడా ఒకసారి చూడాలి, గది ఆవిడ పేరున ఉంది. ఇల్లు పక్క వీధిలోనే. తీసుకొచ్చేస్తా. ఇలాగే ఉంచండి."

ఆయన వెళ్ళగానే అత్త చెంబు ముంచింది. నేను లెక్క వేసుకున్నాను. దీపాలు తీసి మోటారు పెడితే ఊపిరి ఆడి పెద్దాయన మళ్ళీ రాయి వెనక్కి పోతాడు. ఆవిడ వచ్చి చీకట్లో రాయిని చూసి పోతుంది. గది ఆవిడ మాట మీద ఉంది. పక్క వీధికి పోయి రావడం ఎంతసేపు? దీపాలే ఉంచాను.

"చెంబు సరిపోతుందిలే అత్తా."

"ఆ మాట నువ్వంటున్నావా, చేప అందా?"

ఆ దంపతులు రాలేదు. ఆవిడ చీర మార్చుకుంటోందో, చుట్టాలెవరైనా వచ్చారో. అత్త చేతి ఊపు తగ్గింది. పెద్దాయన ఒక పక్కకి ఒరిగాడు, సర్దుకున్నాడు, మళ్ళీ ఒరిగాడు. అప్పుడు దీపాల ప్లగ్గు లాగేసి మోటారుది గుచ్చాను. నాలుగు బుడగలు లేచాయి. ఇన్వర్టర్ ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. మీట ఎన్నిసార్లు నొక్కినా పలకలేదు.

అసురసంధ్య వేళ వచ్చారు వాళ్ళు. హోటలాయన ఫోను వెలిగించి తొట్టి మీద పట్టాడు. తెల్లటి పొట్ట తేలి కనపడింది.

"ఇందాక బాగానే ఆడిందిగా" అన్నాడు నాతో. తర్వాత అత్త వైపు తిరిగాడు. "ఇలాంటిది ఇంకోటుందా?"

"లేదు బాబూ."

"పదండి, నీచు వాసన" అంది ఆయన భార్య, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. గది మాట వాళ్ళెత్తలేదు. నేనూ ఎత్తలేదు. సరుకు లేకుండా బేరం ఎత్తడం ఎలాగో నాకు తెలియదు.

బాబాయ్ తన బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి తాడు కడుతున్నాడు. మావైపు ఒకసారి చూసి మళ్ళీ ముడి బిగించుకున్నాడు.

"నువ్వు ఆపమన్నావు, ఆపాను" అంది అత్త. గొంతులో కోపం లేదు. "ఎందుకాపమన్నావో చెప్పు."

గది, ప్లగ్గులు, ఇద్దరం బతకడం, అన్నీ వరసగా నాలుక చివర ఉన్నాయి.

అత్త చెంబు నా చేతిలో పెట్టి వ్యాను మెట్టు మీద కూర్చుంది. అరల్లో చిన్న తొట్లన్నిట్లోనూ నీటి అంచున మూతులే. మొదటి తొట్టిలో ముంచి పోయడం మొదలుపెట్టాను. చివరి తొట్టికి చేరేసరికి మొదటి తొట్టిలోవి మళ్ళీ పైకి వచ్చి ఉన్నాయి. నాకంటే అవే ముందుంటున్నాయి. అయినా వెనక్కి వచ్చి మళ్ళీ మొదటినుంచీ పోశాను.