మెర్సీ తిప్పని పేజీ

పేజీ తిప్పలేదు, ఎనిమిదో వచనం దాటిపోయింది, ఈపాటికి తిప్పి ఉండాలి, ఇంట్లో ఉన్నదీ ఇదే అచ్చు, ఇదే నల్ల అట్ట బైబిలు, ఈ కీర్తన ఏ మాట దగ్గర పేజీ మారుతుందో నాకు తెలుసు, నా కూతురు మెర్సీ వేదిక మీద ఎత్తు బల్ల వెనక స్టూలెక్కి నిలబడి, కళ్లు పుస్తకంలో పెట్టి, గొంతు వణక్కుండా చదువుకుపోతోంది, చేతులు మాత్రం బల్ల అంచు మీద నుంచి కదల్లేదు, హాలునిండా జనం, ఒక్కరైనా చూడలేదా, చూసి ఊరుకున్నారా, పక్కన నా భార్య విజయకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుని సంతోషంతో ఏడుస్తోంది, ఏవండీ, చూడండి, ఎక్కడా ఆగట్లేదు, అంటోంది, చూస్తున్నాను, నేనొక్కడినే చూస్తున్నాను, ఏలూరులో ఇంత పేరున్న మిషన్ బడి, గేటు మీద నూటికి నూరు శాతం అని ఫ్లెక్సీ కట్టుకున్న బడి, పోయిన వారం క్లాసు టీచరు భాగ్యశ్రీ ఫోన్ చేసి, యాకోబు గారండీ, నాలుగో తరగతిలో మీ పాపలా చదివేవాళ్లు లేరండీ, తాడేపల్లిగూడెం పెద్ద బడిలో మనకి ఒకే ఒక్క హాస్టల్ సీటు ఇస్తారు, పదో తరగతి దాకా తిండీ చదువూ అన్నీ వాళ్లే చూసుకుంటారు, వార్షికోత్సవం నాడు కరెస్పాండెంటు అయ్యగారు వాక్యం చదివించి ఎంచుతారండీ, రాతలో పాప కాస్త వెనకండీ, అది ఉత్త చేతి బద్ధకం, నోరు మాత్రం బంగారం, అంది, చేతి బద్ధకమట, రోజూ ఆ పిల్ల ఎదురుగా నిలబడి పాఠం చెప్పే మనిషి కనిపెట్టలేకపోయింది, బడి మానేసిన నేను ఒక్క నిమిషంలో కనిపెట్టాను, కిందటి వేసవిలో, ఆకివీడు అవతల నేను పనిచేసే దుర్గాసాయి గారి చేపల చెరువు గట్టు మీద, మందు డబ్బా చేతికిచ్చి దీని మీద ఏం రాసుందమ్మా అంటే, వెలుగు చాలట్లేదు నాన్నా, అంది, మిట్టమధ్యాహ్నం, ఎండకి చెరువు నీళ్లు మెరిసి కళ్లలో పొడుస్తున్నాయి.

ఆ మాట నాది, ఆ వయసులో నేను వాడిన మాటే అది, కొల్లేటికోట బడిలో అయిదో తరగతి, చర్చిలో విన్న వాక్యం విన్నట్టు నోటికొచ్చేసేది, పుస్తకం తెరిచి పట్టుకుని అప్పజెబితే చదివినట్టే ఉండేది, మా అమ్మ చాప మీద ముందు కూర్చుని మురిసిపోయేది, ఆవిడకి అక్షరం రాదు, పేజీ తిప్పాలని ఆవిడకేం తెలుసు, ఓ రోజు బడిలో అందరి ముందూ చదువుతుంటే జాషువా మాస్టారు వెనక నుంచి వచ్చారు, సుద్ద అంటిన వేలు నా భుజం మీదుగా పుస్తకం మీదికి దిగింది, ఆగరా యాకోబూ, అన్నారు, వీడు టేప్ రికార్డరండోయ్, అని ఎవడో అరిచాడు, బడంతా నవ్వింది, పుస్తకం అక్కడే పడేసి పరిగెత్తాను, మర్నాటి నుంచి చెరువు గట్టు మీద తౌడు బస్తాలు మోశాను, ముప్పై అయిదేళ్లుగా అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే చెప్పాను, మాస్టారు నలుగురిలో నా పరువు తీశాడు, ఆయన వల్లే నా చదువు పోయింది అని, అక్షరాలు నాకెవరు నేర్పారు, ఎవరూ నేర్పలేదు, మీసాలు నెరిసే వయసులో మేత బస్తాల మీద వేలు పెట్టుకుని నేనే నేర్చుకున్నాను, ఇప్పటికీ వేలు తీసేస్తే చదవలేను, సరే, అమ్మకి తెలియదు, నాకు తెలుసు కదా, ఏడాదిగా తెలుసు కదా, తెలిసీ ఏం చేశాను, ఈ కీర్తన ఫోన్లో పెట్టి రోజుకి పదిసార్లు వినిపించింది ఎవరు, నోరు బంగారమే కదా, ముందు సీటు రానీ, మిగతాది హాస్టల్లో వాళ్లే నేర్పుకుంటారు, అనుకున్నది ఎవరు, టీచర్నేమనాలి.

చప్పట్లు, అయిపోయింది, ఒక్క మాట తప్పు పోలేదు, దేవా, ఇక దిగిరా తల్లీ, దిగిరా, కానీ కరెస్పాండెంటు అయ్యగారు నవ్వుతూ కుర్చీలోంచి లేస్తున్నారు, చేతిలో పేర్లు రాసిన కాగితం, భలే చదివావు తల్లీ, ఏదీ, ఇంకో ముక్క చదువు, ముందు చూసుకోనిది, అని పుస్తకం చేతిలోకి తీసుకుని గుప్పెడు పేజీలు ఒక్కసారిగా తిప్పి మళ్లీ దాని ముందు పెట్టారు, మెర్సీ కళ్లు పేజీ మీదికి వెళ్లాయి, పైకి లేచాయి, వాళ్లమ్మ కోసం కాదు, నాకోసం వెతికాయి, అంటే దానికి తెలుసు, నాకు తెలుసని దానికి ఎప్పటి నుంచో తెలుసు, వెలుగు చాలట్లేదండీ, మైకులో సన్నగా వినిపించింది, నెత్తి మీద అన్ని ట్యూబులైట్లూ వెలుగుతున్నాయి, ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు, భాగ్యశ్రీ టీచరు మొహం పాలిపోయింది, పాపకి భయమేసిందండీ, అంటూ లేచింది, అవును, అదే దారి, జ్వరమని చెప్పి దింపేయొచ్చు, టీచరు నాకు వంత పాడుతుంది, అయ్యగారు అయ్యో అంటారు, సీటు వచ్చినా రావొచ్చు, ఏవండీ, ఏమైందండీ దానికి, అని విజయకుమారి నా మోచెయ్యి పట్టుకుంది, ఏం చెప్పను, మెర్సీ ఒక కాలు స్టూలు మీద నుంచి కిందికి దించుతోంది, తలుపు వైపు చూస్తోంది, ఆ చూపు నేనెరుగుదును, ఇంకొక్క నవ్వు వినబడితే పరిగెడుతుంది, ముప్పై అయిదేళ్లు పరిగెడుతుంది.

ఎప్పుడు లేచానో తెలియదు, కుర్చీల మధ్య నడుస్తున్నాను, మెట్లెక్కాను, ఎవరండీ మీరు, అన్నారు అయ్యగారు, వందనాలండీ, పిల్ల తండ్రినండీ, దానికింకా చదవడం రాదండీ, నాకూ అంతంత మాత్రమే, ఇద్దరం కలిసి చదువుతామండీ, అన్నాను, మైకు దగ్గరే ఉందని చూసుకోలేదు, హాలంతా వినబడింది, వద్దు నాన్నా, అంది మెర్సీ పెదాలు కదపకుండా, పగిలిన గోరు, చేపల వాసన వదలని నా వేలు, మొదటి మాట కింద పెట్టి ఒక్కో అక్షరం లాగాను, ఒత్తు తప్పాను, మళ్లీ వెనక్కి వచ్చాను, నవ్వారు, ఈసారి గట్టిగానే నవ్వారు, నవ్వనీ, ఆ నవ్వంతా నా మీదే పడుతోంది, దాని మీద పడట్లేదు, అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను, పోయింది, సీటు పోయింది, తాడేపల్లిగూడెం పోయింది, భాగ్యశ్రీ టీచరు తల దించుకుంది, మెర్సీ కాలు మళ్లీ స్టూలెక్కింది, రెండో మాట దగ్గర చిన్న వేలొకటి వచ్చి నా వేలి పక్కన ఆగింది, ఇదేంటి నాన్నా, అంది, నా భుజం కింద నుంచి దాని తల, పుస్తకం మీద నా వేలు, ఇది నేను ముందే చూశాను, ఇటు నుంచి కాదు, అటు నుంచి, కింద నుంచి, సుద్ద అంటిన వేలు, ఆగరా యాకోబూ, ఆ వేలు పుస్తకం లాక్కోలేదు, నా చెవి మెలిపెట్టలేదు, వచ్చి మొదటి అక్షరం కింద ఆగింది, ఆగి అక్కడే ఉంది, పారిపోయింది నేను.